వంటింటి అలమారా మూల చెడితే...

ఇంటిలోని కర్ర సామానులో అన్నింటికంటె ఎక్కువ కష్టపడేవి వంటగది అలమారాలు. మంచం, కుర్చీ, పుస్తకాల బీరువా పొడి గదులలో ఉంటాయి. వంటగది అలమారాకు మాత్రం ఒక ప్రక్క పొయ్యి వేడి, మరొక ప్రక్క సింకు తడి, క్రింద నేల కడిగిన నీరు, పైన కుక్కరు ఆవిరి. తెల్లవారింది మొదలు రాత్రి వరకు తలుపులు తెరవడం, మూయడం ఉండనే ఉన్నది. ఇంత ఒత్తిడికీ మొదట లొంగేది మూల. రెండు అంచులు కలిసే చోటు గనుక కర్రకు అక్కడ రక్షణ తక్కువ. దెబ్బ తగిలినా అక్కడే తగులుతుంది, నీరు నిలిచినా అక్కడే నిలుస్తుంది.

మూల చెడినప్పుడు గృహస్థులు సాధారణంగా రెండు విధాలుగా ప్రవర్తించడం మనం చూస్తున్నాము. కొందరు దానిపై ఒక రంగు కాగితమో, స్టిక్కరో అంటించి ఆ సంగతి మరచిపోతారు. మరికొందరు ఆ మూలను చూసి మొత్తం అలమారాలే పనికిరావని తీర్మానించి, క్రొత్తవి చేయించడానికి అంగడికి బయలుదేరుతారు. మొదటి మార్గంలో తడి లోలోపల ప్రాకి చుట్టూ ఉన్న చెక్కలను కూడా చెరుపుతుంది. రెండవ మార్గంలో చెడిన ఒక్క చెక్కతో పాటు బాగున్న పది చెక్కలు చెత్తకు పోతాయి. చేతిలో రొక్కం లేని కుటుంబమైతే కిస్తీలకు, ఆ కిస్తీల వెనుక దాగిన వడ్డీకి లోనవుతుంది. ఈ రెండింటికీ మధ్య మూడవ మార్గం ఒకటి ఉన్నది. కారణం కనుగొనడం, చెడినంత మేరకే తీసివేయడం, సరియైన పద్ధతిలో అతకడం. నెల్లూరు కోస్తా గృహాలను దృష్టిలో ఉంచుకొని ఆ మార్గాన్ని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సముద్రపు గాలి చేసే పని

కావలి మొదలుకొని అల్లూరు, విడవలూరు, మైపాడు, ముత్తుకూరు, కృష్ణపట్నం వరకు ఉన్న తీరప్రాంతపు ఇళ్లకు ఒక ప్రత్యేకత ఉన్నది. రాష్ట్రంలోని అధిక భాగానికి నైరుతి ఋతుపవనం ప్రధానమైతే, ఈ జిల్లాకు అక్టోబరు నుండి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనం ప్రధానం. మే నెలలో ఎండకు బిగుసుకుపోయిన కర్ర నవంబరులో తేమను త్రాగి ఉబ్బుతుంది. ఈ ఉబ్బడం, కుంచించుకోవడం కర్ర నిడివి దిశలో బహు స్వల్పం, నారకు అడ్డంగా మాత్రం అధికం. అందుచేతనే నిలువు చెక్క, అడ్డు చెక్క కలిసే మూలలో ఒకటి ఒక వైపునకు, రెండవది మరొక వైపునకు లాగుతాయి. కొన్ని సంవత్సరాలకు జిగురు వదలుతుంది, సన్నని పగులు కనిపిస్తుంది.

దీనికి తోడు ఉప్పు. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తానే నీటిని పీల్చుకొని చెమర్చుతుంది. వానకాలంలో వంటింటి ఉప్పు జాడీ చెమ్మగిల్లడం ప్రతి గృహిణికీ అనుభవమే. సముద్రపు గాలితో వచ్చిన ఉప్పు రేణువులు స్క్రూల తలలపై, మడతబందులపై పేరుకొని అదే పని చేస్తాయి. ఇనుము త్రుప్పు పడుతుంది. త్రుప్పు అసలు ఇనుము కంటె ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది గనుక స్క్రూ చుట్టూ ఉన్న కర్రను లోపలి నుండి చీలుస్తుంది. తుమ్మ వంటి వగరు గల కర్రలో త్రుప్పు చేరితే నల్లని మరక ఏర్పడుతుంది. తలుపు మూలలో బందు చుట్టూ నలుపు కనిపిస్తే అది మసి అనుకొని తుడిచి ఊరుకోరాదు. లోపల ఇనుము కరుగుతున్నదని గ్రహించాలి.

ముందుగా కారణం

హకీము నాడి చూడకుండా మందు ఇవ్వడు. మూల చెడిన అలమారా విషయంలోనూ మొదటి పని కారణాన్ని వెదకడమే. చెడిన చోటే చాలావరకు కారణాన్ని చెబుతుంది.

నేలకు దగ్గరగా ఉన్న మూల ఉబ్బి, మైకా లేచి ఉంటే నేల కడిగే నీరు కారణం. మన ఇళ్లలో బక్కెటుతో నీరు పోసి చీపురుతో ఊడ్చే అలవాటు ఉన్నది. ఆ నీరు అలమారా అడుగు చెక్క క్రిందికి చేరి, గాలి తగలక రోజుల తరబడి అక్కడే ఉంటుంది. సింకు క్రింది మూల చెడితే నీటి గొట్టం బిగింపును గాని, సింకుకు బండకు మధ్య ఉన్న సందును గాని అనుమానించాలి. గొట్టం చుట్టూ పొడి కాగితం చుట్టి ఒక రాత్రి ఉంచితే సంగతి తెలిసిపోతుంది. పొయ్యికి పైన ఉన్న అలమారా క్రింది మూల చెడితే కుక్కరు ఆవిరి కారణం. గ్యాసు బండ పెట్టే అర మూల విరిగితే అది దెబ్బ. ఇంటి వాడకపు బండలో 14.2 కిలోల వాయువు ఉంటుంది, ఖాళీ బండ బరువు కూడా దాదాపు అంతే. ఇంచుమించు 30 కిలోల ఉక్కును ఈడ్చుకుంటూ లోపలికి త్రోస్తే ఏ మూల నిలుస్తుంది?

ఇక చెదలు. గోడకు ఆనుకొని సన్నని మట్టి దారి కనిపించినా, వ్రేలితో తట్టినప్పుడు బోలు శబ్దం వచ్చినా చెదలు ఉన్నట్లే. చిన్న రంధ్రాల నుండి మెత్తని పొడి రాలుతుంటే అది పుచ్చు పురుగు. ఈ రెండూ ఉన్నప్పుడు మందు కొట్టించనిదే మరమ్మతు చేయరాదు. లేనిచో క్రొత్త ముక్క వాటికి క్రొత్త ఆహారమవుతుంది.

అలమారా ఏ చెక్కతో చేసినది?

రెండవ ప్రశ్న ఇది. పైన మైకా ఒకే విధంగా మెరుస్తున్నా లోపలి సరుకు ఒకటి కాదు. తలుపు క్రింది అంచునో, స్క్రూ తీసిన రంధ్రాన్నో పరిశీలిస్తే తెలుస్తుంది. నార ముఖం మీదా, అంచు మీదా కొనసాగుతూ కనిపిస్తే అది అసలు కర్ర: టేకు, వేప, తుమ్మ, మామిడి మొదలైనవి. పలుచని పొరలు ఒకదానిపై ఒకటి అడ్డదిడ్డంగా కనిపిస్తే ప్లైవుడ్. చిన్న చిన్న చెక్క పేళ్లను అదిమినట్లుంటే పార్టికల్ బోర్డు. పిండిని అదిమినట్లు నునుపుగా ఉంటే ఎం.డి.ఎఫ్.

ఈ భేదం తెలియడం ఎందుకంటే, వీటిలో ప్రతిదీ నీటికి ఒక్కొక్క విధంగా స్పందిస్తుంది. అసలు కర్ర తడిసినా ఆరితే చాలావరకు యథాస్థితికి వస్తుంది. ప్లైవుడ్ పొరలు విడిపోతాయి గాని తిరిగి అతకవచ్చు. పార్టికల్ బోర్డు ఒకసారి ఉబ్బితే మరల తగ్గదు. దానిలోని పేళ్లు ఒకదానినొకటి వదలివేస్తాయి. దానిపై ఎంత లప్పం పెట్టినా, ఎంత జిగురు పోసినా శ్రమ వృథా.

ప్లైవుడ్ కొనేటప్పుడు పలకపై ముద్రించిన సంఖ్యను చూడడం మరువరాదు. 710 అనేది మెరైన్ ప్లైవుడ్‌కు సంబంధించిన భారతీయ ప్రమాణం. ఆ పలకలోని జిగురు 72 గంటలు మరిగే నీటిలో ఉంచినా వదలకూడదు. తీరప్రాంతంలో సింకు క్రిందికి ఇదే తగినది. అయితే ఒక హెచ్చరిక. మరిగే నీటికి వదలనిది జిగురు మాత్రమే, కర్ర కాదు. మెరైన్ ప్లైవుడ్ అయినా కోసిన అంచును తెరచి ఉంచితే నీరు త్రాగుతుంది.

ఆరనిదే అతకరాదు

మరమ్మతులు విఫలం కావడానికి తొందరపాటు ముఖ్య కారణం. తడి ఉన్న కర్రకు జిగురు అంటదు. అంటినట్లు కనిపించినా కర్ర ఆరి కుంచించుకున్నప్పుడు వదలుతుంది. పైగా తేమ 20 శాతానికి మించి ఉన్న కర్రలోనే బూజు, కుళ్లు పెరుగుతాయి. తడి పైన మైకా అంటించడమంటే కుళ్లును లోపల పెట్టి తలుపు మూయడమే.

కనుక చెడిన మూలకు ఉన్న మైకాను, వదులైన పొరలను మెల్లగా తొలగించి గాలి తగలనివ్వాలి. తలుపులు, సొరుగులు ఊడదీసి నీడలో నిలబెట్టాలి. ఎండలో పెడితే ఒక ముఖం త్వరగా ఆరి పలక వంకరపోతుంది. ఫంకా గాలి మేలు. వాన రోజులలో వారం, పది రోజులు పట్టినా ఓపిక పట్టాలి. జనవరి మొదలు మార్చి వరకు తీరప్రాంతంలో ఈ పనికి అనుకూలమైన కాలం.

2021 నవంబరులో పెన్న పొంగి నెల్లూరు, కోవూరు పరిసరాల్లో ఇళ్లలోకి నీరు చేరింది. పడుగుపాడు వద్ద రైలు మార్గం కోతకు గురైంది. ఆ వరద తగ్గిన తరువాత అనేక గృహాలలో క్రింది వరుస అలమారాలు బురదతో నిండి ఉండడం చూశాము. అటువంటి స్థితిలో ముందుగా మంచి నీటితో ఒండ్రును కడిగివేయాలి, సబ్బు నీటితో తుడవాలి, ఆ తరువాతనే ఆరబెట్టాలి. ఒండ్రు ఎండి పొరల మధ్య గట్టిపడితే ఆ పొరలు మరల దగ్గరకు చేరవు.

మూలను బాగు చేసే పద్ధతులు

సొట్ట పడిన మూల: అసలు కర్ర మూలకు దెబ్బ తగిలి నార తెగకుండా సొట్ట మాత్రమే పడితే, రంగు, వార్నిషు తీసివేసి, తడి గుడ్డ ఒకటి దానిపై పరచి, వేడి ఇస్త్రీ పెట్టెను కొద్ది క్షణాలు తాకించాలి. ఆవిరికి నార తిరిగి లేస్తుంది. రెండు మూడు సార్లు చేస్తే సొట్ట చాలావరకు మాయమవుతుంది. ప్లైవుడ్‌కు, మైకాకు ఇది పనికిరాదు.

మైకా లేచిన మూల: లోపలి చెక్క గట్టిగా ఉండి మైకా మాత్రమే లేచి ఉంటే, సన్నని చాకుతో పాత జిగురును, జిడ్డును గీకి, ఉప్పు కాగితంతో రుద్ది, దుమ్ము తుడిచి, జిగురు పూసి అదిమి ఉంచాలి. పైన పాలిథీన్ కాగితం, దానిపై చదునైన చెక్క పెట్టి క్లాంపుతో బిగించి ఒక రోజు కదిలించరాదు. మైకా గాజు వలె పెళుసు గనుక బాగా పైకి వంచితే విరుగుతుంది.

పొరలు విడిన ప్లైవుడ్: బాగా ఆరిన తరువాత పొరల మధ్యకు జిగురును పంపాలి. మందుల దుకాణంలో దొరికే క్రొత్త సిరంజి దీనికి ఉపయోగపడుతుంది. జిగురు చిక్కగా ఉంటే కొద్ది చుక్కల నీరు కలపవచ్చు. సాధారణ తెల్ల జిగురు తడికి మెత్తబడుతుంది గనుక వంటగదికి ఫెవికాల్ మెరైన్ వంటి నీటికి తట్టుకొనే రకం తీసుకోవాలి. రెండు ప్రక్కలా పాలిథీన్ చుట్టిన చెక్కలు పెట్టి బిగించాలి. బయటకు పొంగిన జిగురును తడిగా ఉండగానే తుడిచివేయాలి.

చిన్న ముక్క ఊడిపోయిన మూల: బొటనవ్రేలి గోరంత ముక్క పోతే రెండు ముద్దలను కలిపి వాడే ఎం-సీల్ వంటి ఎపాక్సీ లప్పం చాలు. రెండు ముద్దలను సమానంగా తీసుకొని రంగు ఒకటయ్యే దాకా పిసకాలి. చెడిన చోట మెత్తని కర్రను గీకివేసి, రెండు చిన్న రంధ్రాలు వేస్తే లప్పానికి పట్టు దొరుకుతుంది. మూలకు ఇరువైపులా సెల్లోటేపు అంటించిన రెండు చెక్క ముక్కలను అచ్చుగా నిలిపి లప్పాన్ని అదిమితే మూల సూటిగా వస్తుంది. గట్టిపడిన తరువాత ఆకురాయితో, ఉప్పు కాగితంతో సవరించి రంగు వేయాలి. రంపపు పొట్టును జిగురులో కలిపి పెట్టడం మన వాళ్లకు అలవాటు. అది సన్నని పగుళ్లకు మంచిదే గాని మూలకు నిలవదు, దెబ్బ తగిలితే రాలిపోతుంది.

పెద్ద ముక్క పోయిన మూల: ఇక్కడ లప్పం కాదు, కర్రకు కర్రనే అతకాలి. ఇది నిజమైన వడ్రంగం. చెడిన మూలను అడ్డదిడ్డంగా వదలక, మూలమట్టంతో గీత గీసి, రంపంతో ఏటవాలుగా కోయాలి. ఏటవాలు కోత వలన అతుకు పొడవు పెరుగుతుంది, నార ప్రక్కకు నార ప్రక్క కలుస్తుంది. అడ్డంగా కోసిన నార కొస జిగురును పీల్చివేస్తుంది గనుక అక్కడ పట్టు తక్కువ. అతుకు ముక్క అదే జాతి కర్రది కావాలి, నార అదే దిశలో నడవాలి. లేనిచో వానకాలంలో రెండూ రెండు విధాలుగా ఉబ్బి అతుకు విడుతుంది. ముక్కను కావలసినదాని కంటె కొద్దిగా పెద్దదిగా కోసి, అతికిన తరువాత చిత్రిక పట్టి సమం చేయాలి. టేకు కర్రలో సహజమైన నూనె ఉంటుంది. కనుక అతికే ముఖాలను అప్పటికప్పుడు చిత్రిక పట్టి వెంటనే జిగురు పూయడం మంచిది.

బందు ఊడిన మూల: స్క్రూ రంధ్రం పెద్దదై తలుపు జారుతుంటే ఇంకా లావు స్క్రూ ఎక్కించడం వలన మూల చీలుతుంది. రంధ్రంలో జిగురు పూసిన వెదురు పుల్లలు గాని, గుండ్రని చెక్క ముక్క గాని బిగించి, ఆరిన తరువాత సమంగా కోసి, సన్నని రంధ్రం వేసి పాత పరిమాణపు స్క్రూనే బిగించాలి. సముద్రానికి దగ్గరలో ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు వాడితే మరల త్రుప్పు భయం ఉండదు.

ఒక ఇంటి సంగతి

మా వద్ద చదువుకునే ఒక బాలుని తల్లి గత సంవత్సరం వర్షాలు వెలిసిన తరువాత ఒక సలహా కోరి వచ్చింది. భర్త కువైట్‌లో పనిచేస్తున్నాడు. మైపాడు దారిలో ఉన్న వారి ఇంటిలో సింకు క్రింది అలమారా మూల ఉబ్బి, అడుగు చెక్క కూలిపోయింది. పట్టణంలోని ఒక దుకాణం వారు వచ్చి చూసి, ఇది మొత్తం తీయవలసినదే, కిస్తీల మీద క్రొత్తది అమర్చుతామని చెప్పి వెళ్లారు.

"మౌల్వీ సాబ్, అమ్మాయి నికాహ్ కోసం దాచిన డబ్బు కొంత ఉన్నది. మొదటి కిస్తీకి అది తీయమంటారా? మిగిలినది నెలనెలా కట్టవచ్చునట" అని ఆమె అడిగింది.

కిస్తీ కాగితంలో వడ్డీ ఎంత ఉన్నదో ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఆ విషయం వివరించి, తీర్మానానికి ముందు ఒక అనుభవజ్ఞుడైన వడ్రంగి చేత చూపించమని చెప్పాము. మా మద్రసా వంటశాల పనులు చేసే ఒక వృద్ధ ఆచారిగారు వారి ఇంటికి వెళ్లారు. ఆయన ముందు అలమారాను చూడలేదు, క్రింద కూర్చుని నీటి గొట్టాన్ని చేతితో తడిమి చూశారు. బిగింపు దగ్గర చుక్క చుక్కగా నీరు కారుతున్నది. తరువాత సూది ఒకటి తీసుకొని ప్రతి చెక్కనూ గుచ్చి చూశారు. ఎక్కడ సూది సులభంగా దిగిందో అక్కడ సుద్దతో గీత గీశారు. గీతలు మొత్తం మూడే పడ్డాయి: అడుగు చెక్క, ప్రక్క చెక్కలో క్రింది జానెడు భాగం, తలుపు క్రింది మూల.

"అమ్మా, చెడింది ఇంతే. మిగిలిన చెక్క నా వయసు వాడి కంటె గట్టిగా ఉన్నది. గొట్టం బాగు చేయించి పది రోజులు ఆరనివ్వండి, అప్పుడు వస్తాను" అని ఆయన వెళ్లిపోయారు.

పది రోజుల తరువాత ఆయన ప్రక్క చెక్కను సుద్ద గీతకు ఒక అంగుళం పైన సూటిగా కోసి, క్రింద 710 ప్లైవుడ్ ముక్కను నిలిపి, లోపలి వైపున అతుకు మీదుగా ఒక పట్టీని జిగురుతో, స్క్రూలతో బిగించారు. అడుగు చెక్క క్రొత్తది వేశారు. తలుపు టేకుది గనుక మూలకు టేకు ముక్కనే అతికారు. అలమారా పాదాల క్రింద మిగిలిపోయిన గ్రానైటు ముక్కలను పెట్టి నేలకు, చెక్కకు మధ్య రెండు వ్రేళ్ల ఎడం కల్పించారు. ఒకటిన్నర రోజు కూలి, ఒక ప్లైవుడ్ ముక్క, జిగురు, గుప్పెడు స్క్రూలు. అంతటితో పని ముగిసింది. నికాహ్ డబ్బు చెక్కు చెదరలేదు.

పని పూర్తి అయిన వెంటనే కూలి చెల్లించడం కూడా మరమ్మతులో భాగమే. కూలివాని చెమట ఆరకముందే అతని హక్కు చేతిలో పెట్టాలన్న మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధ మనకు తెలిసినదే. చిన్న పని అని బేరమాడి, చివరికి రేపు రమ్మని త్రిప్పే ఇంటికి మంచి పనివాడు రెండవసారి రాడు.

ఎప్పుడు మార్చక తప్పదు?

మరమ్మతుకు కూడా ఒక హద్దు ఉన్నది. పార్టికల్ బోర్డు మూల ఉబ్బితే ఆ పలకను మార్చడం తప్ప వేరు మార్గం లేదు. అయితే మార్చవలసినది ఆ పలకనే గాని మొత్తం అలమారాను కాదు. సూది గుచ్చితే సగానికి పైగా చెక్కలలో సులభంగా దిగుతున్నా, నిలువు చెక్కలు బరువు మోయలేక ప్రక్కకు వాలుతున్నా, చెదలు గోడలోనే గూడు కట్టుకున్నా అతుకులతో కాలం గడపడం ప్రమాదం. పైనున్న నల్లరాతి బండ బరువు ఆ చెక్కల మీదనే ఆధారపడి ఉంటే మరీ జాగ్రత్త వహించాలి. అటువంటప్పుడు బండకు ఇటుక గోడ గాని, వేరే ఆధారం గాని కల్పించిన తరువాతనే చెక్కను ముట్టుకోవాలి.

దాచిన తడి

మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి అంగడిలో ధాన్యపు రాశి లోపలికి చేయి పెట్టగా వ్రేళ్లకు తడి తగిలిన వృత్తాంతం ప్రసిద్ధమైనది. వానకు తడిసిందని వర్తకుడు చెప్పగా, జనులకు కనబడేటట్లు ఆ తడిసిన భాగాన్ని పైన ఎందుకు ఉంచలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు తమవాడు కాడని హెచ్చరించారు.

చెడిన మూలకు పైపై మెరుగు పెట్టే ప్రతివాడూ ఈ వృత్తాంతాన్ని జ్ఞాపకం ఉంచుకోవాలి. అద్దె ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కుళ్లిన మూలపై స్టిక్కరు అంటించి తాళంచెవి అప్పగించే వారు ఉన్నారు. ఇల్లు అమ్మేటప్పుడు తడి చెక్కపై క్రొత్త మైకా వేయించి ధర పెంచే వారూ ఉన్నారు. ఇతరుల అలమారా మన చేతిలో ఉన్నంత కాలం అది అమానత్. మన వాడకం వలన చెడితే బాగు చేయించి ఇవ్వాలి, గొట్టం దోషం వలన చెడితే యజమానికి మొదటి రోజే తెలియజేయాలి. అదేవిధంగా యజమాని కూడా పాత గొట్టం దోషాన్ని అద్దెకున్న వారి అడ్వాన్సులో కోయడం న్యాయం కాదు. సరిగా చేసిన అతుకు కనిపిస్తే సిగ్గుపడవలసిన పని లేదు. ఇల్లు కొనేవారికి ఆ అతుకును చూపించి, ఇక్కడ చెడింది, ఈ విధంగా బాగు చేయించామని చెప్పగలగడమే గౌరవం.

మరల చెడకుండా

బాగు చేసిన మూలకు రక్షణ లేకపోతే రెండు వానకాలాలలో మరల అదే స్థితికి వస్తుంది. కోసిన ప్రతి అంచుకు, ముఖ్యంగా కంటికి కనబడని అడుగు అంచుకు, ప్రైమరో వార్నిషో రెండు పూతలు వేయాలి. పైకి కనిపించే ముఖానికి నాలుగు పూతలు వేసి అడుగు అంచును వదిలివేయడం వలన ప్రయోజనం లేదు, నీరు వచ్చేది క్రింది నుండే గదా. గ్యాసు బండ అర మూలకు అల్యూమినియం కోణపు పట్టీ బిగిస్తే దెబ్బలు తట్టుకుంటుంది. సింకుకు, బండకు మధ్య సందును సిలికాన్‌తో మూయించాలి. నేలను బక్కెటుతో కడగడం మాని తడి గుడ్డతో తుడవడం అలవరచుకోవాలి. కుక్కరును పై అలమారా మూలకు సూటిగా క్రింద పెట్టకూడదు. వానకాలంలో రోజుకు ఒకసారి సింకు క్రింది తలుపులు తెరచి గంటసేపు గాలి ఆడనివ్వాలి. నెలకు ఒకసారి చేయి లోపలికి పెట్టి గొట్టం చుట్టూ తడిమి చూడాలి. ఈ చివరి పనికి పైసా ఖర్చు లేదు, అన్నింటికంటె ఎక్కువ మేలు చేసేది ఇదే.

మరమ్మతు చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు విధిగా పాటించాలి. మైకాకు వాడే రబ్బరు జిగురు ఆవిరి త్వరగా అంటుకుంటుంది. కనుక పొయ్యిని, గ్యాసు కవాటాన్ని ఆపివేసి, కిటికీలు తెరచి, వాసన పూర్తిగా పోయిన తరువాతనే వంట మొదలుపెట్టాలి. ఇంటి రంగులలో సీసం 90 పి.పి.ఎం.కు మించరాదన్న నియమం మన దేశంలో 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు పూర్వపు రంగులలో సీసం ఎక్కువగా ఉండే అవకాశం ఉన్నది గనుక పాత రంగును పొడిగా రుద్దక, తడిపి రుద్దాలి, మాస్కు ధరించాలి. బియ్యం, పప్పులు, వంట పాత్రలు ముందుగా వేరే గదికి చేర్చాలి. పిల్లలను, గర్భిణులను ఆ దుమ్ముకు దూరంగా ఉంచాలి.

మన జిల్లాలోని చేతిపని

నెల్లూరు జిల్లా పడమటి దిక్కున ఉదయగిరి కొండ క్రింద కొయ్య చెంచాలు, గరిటెలు, ఫోర్కులు చెక్కే పని తరతరాలుగా సాగుతున్నది. ఆ పనిలో ఉన్నవారిలో అధికులు ముస్లిం కుటుంబాల వారు, స్త్రీలు కూడా ఇంటి వద్దనే కూర్చుని చెక్కుతారు. ఆ కొయ్య సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. చిన్న కర్ర ముక్క నుండి అన్నం తినే చెంచాను తీయగల చేతులు ఉన్న జిల్లాలో, ఒక మూల చెడినందుకు అలమారాను పారవేయడం సబబు కాదు. మన పిల్లలకు రంపం పట్టడం, ఉలి నూరడం, మూలమట్టం చూడడం కొంతైనా నేర్పాలి. సెలవు దినాలలో ఒక వడ్రంగి ప్రక్కన కూర్చుండబెట్టినా చాలు. కర్ర నార ఎటు నడుస్తుందో తెలిసిన బాలుడు పెద్దవాడైన తరువాత తన ఇంటిని తానే కాపాడుకోగలడు.

ఈ నెల వానలు ఆరంభం కాకముందే ప్రతి గృహస్థుడూ ఒక సూది, ఒక సుద్ద ముక్క తీసుకొని వంటగది అలమారాల క్రింది మూలలను ఒకసారి పరీక్షించుకోవలసినదిగా కోరుతున్నాము. సూది దిగిన చోట గీత గీయండి, తడి ఎక్కడి నుండి వస్తున్నదో చూడండి, ఆరనిచ్చి అతకండి. అల్లాహ్ మన ఇళ్లలో శుభాన్ని నిలుపుగాక! మన సంపాదనను వృథా ఖర్చు నుండి, వడ్డీ నుండి కాపాడుగాక! ఆమీన్.